తెల్లబట్టకు కషాయం సరే, ముఖద్వార పరీక్ష మాటేమిటి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సోదరీమణులు నాకు వ్రాసే ఉత్తరాలలో తెల్లబట్టను గూర్చిన ప్రశ్నలే అధికం. లొద్దుగ చెక్క చూర్ణం, అశోక చెక్క కషాయం, బియ్యపు కడుగు వంటివి నేనూ సూచిస్తూనే ఉంటాను. అయితే ఉత్తరం చివర ఏ మూలనో "ఎ.ఆర్.టి. మందులు వాడుతున్నాను" అన్న వాక్యం కనబడితే నా సమాధానం మారుతుంది. చూర్ణం సంగతి తరువాత. ముందుగా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకొనవలెను.

చరకుడు ఇరువది యోనివ్యాపత్తులను వర్ణించాడు. వాటన్నింటికీ లక్షణాలున్నాయి. ముఖద్వార క్యాన్సర్‌కు పూర్వరూపమైన మార్పు మాత్రం నొప్పిగాని, స్రావంగాని లేకుండా ఏళ్ల తరబడి సాగుతుంది. నాడి పట్టి దానిని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఈ వ్యాధికి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. ముఖద్వార క్యాన్సర్ కణితిలో దీనిని 1983లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ గుర్తించాడు. ఇది చాలామంది స్త్రీలకు సోకుతుంది. ఒకటి రెండేళ్లలో శరీరమే దానిని తొలగించుకుంటుంది. హెచ్.ఐ.వి. వలన రోగనిరోధక శక్తి తగ్గిన వారిలో అది తిష్ఠ వేస్తుంది. అందుచేత వారికి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరులకంటే ఆరు రెట్లు ఎక్కువ. సాధారణంగా 15–20 ఏళ్లు పట్టే మార్పు నిరోధక శక్తి క్షీణించిన వారిలో 5–10 ఏళ్లకే ముదరవచ్చును. 2004 ఏప్రిల్ నుండి మన దేశంలో ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా లభించడంతో ఎందరో తల్లులు దీర్ఘకాలం జీవిస్తున్నారు. ఆ ఆయుష్షును ఈ వ్యాధికి అప్పగించరాదు.

మన జాతీయ కార్యక్రమం స్త్రీలందరికీ 30 ఏళ్ల నుండి ఐదేళ్లకొకమారు పరీక్ష విధించింది. హెచ్.ఐ.వి. ఉన్నవారు అంతవరకు ఆగరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సూచనల ప్రకారం వారు 25వ ఏటనే ఆరంభించి, 3 నుండి 5 ఏళ్లకొకసారి హెచ్.పి.వి. పరీక్ష చేయించుకొనవలెను. ఆ పరీక్ష అందుబాటులో లేనిచోట పాప్ స్మియర్‌గాని, ఆమ్ల పరీక్షగాని మూడేళ్లకొకసారి అవసరం.

ఆమ్ల పరీక్ష బహు సులభమైనది. వంటింటి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలుచగా ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన భాగం తెల్లగా కనబడుతుంది. (ఇది చదివి ఇంట్లో ప్రయత్నించేరు! చూడవలసినది శిక్షణ పొందిన కన్ను.) తెల్లమచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ అని అర్థం కాదు. అవసరమైతే ఆ భాగాన్ని అతిశీతలంతోగాని, వేడితోగాని కొద్ది నిమిషాలలో తొలగిస్తారు. సాధారణంగా ఆసుపత్రిలో చేరనక్కరలేదు. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో మార్పు మరల తలెత్తవచ్చు గనుక ఏడాదికి తిరిగి పరీక్ష తప్పనిసరి.

ఒక్క పరీక్ష విలువ ఎంతటిదో మన పొరుగున, ఒకప్పటి నిజాం రాజ్యంలోనిదే అయిన ఉస్మానాబాద్ జిల్లాలో తేలింది. అక్కడ లక్షా ముప్పది వేలకు పైగా గ్రామీణ స్త్రీలతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒకే ఒకమారు హెచ్.పి.వి. పరీక్ష చేసిన గ్రామాలలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

వెనుకంజకు అసలు కారణం సిగ్గు, ఊరివారికి తెలుస్తుందన్న భయం. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా ఆ విషయం వెల్లడించడం, వైద్యం నిరాకరించడం చట్టవిరుద్ధమే. మందులిచ్చే ఎ.ఆర్.టి. కేంద్రంలోనే పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి. వాడుతున్న మూలికలన్నీ అక్కడి వైద్యునికి చెప్పండి. కొన్ని మూలికలు ఎ.ఆర్.టి. మందుల బలాన్ని తగ్గిస్తాయి.

బహిష్టు దినాలలో పరీక్షకు వెళ్లరాదు. ముందు రెండు రోజులు యోనిలో ఏ మందూ, పిచికారీ వాడరాదు. కలయిక తరువాత రక్తం కనబడినా, ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావమైనా, దుర్గంధంతో నీరు స్రవించినా కషాయంతో కాలయాపన చేయక ఆ వారంలోనే స్త్రీవైద్య నిపుణురాలికి చూపించుకొనవలెను.