పటాన్‌చెరులో ఏ మీటరు?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ‘మీటరెంత తిరిగింది?’ అని ఎవరైనా అంటే, ఆ అడిగిందెవరో చూసుకుని జవాబు చెప్పాలి. ఎలక్ట్రీషియన్‌కు కావలసింది కరెంటు లెక్క. వ్యర్థజలాల ప్లాంటు ఆపరేటరుకు పైపులో పోయిన నీటి లెక్క. లారీ డ్రైవరుకైతే కిలోమీటర్లు.

ఫ్యాక్టరీ యజమానికి నిద్ర పట్టనివ్వనిది మొదటిదే. ఇంటి మీటరులో ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసేస్తే యూనిట్లు తేలిపోతాయి. 11 కేవీ లైను నుంచి సరఫరా తీసుకునే ఫ్యాక్టరీలో అలా కుదరదు. అంత వోల్టేజీని, కరెంటును చిన్న ట్రాన్స్‌ఫార్మర్లతో తగ్గించి మీటరుకిస్తారు కాబట్టి, రీడింగును ‘మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్’తో హెచ్చవేయాలి. పైగా ఆ మీటరు యూనిట్లతో ఊరుకోదు, గరిష్ఠ డిమాండునూ గుర్తు పెట్టుకుంటుంది. షిఫ్టు మొదలవగానే పెద్ద మోటార్లన్నీ ఒక్కసారే నడిపితే, తక్కిన నెలంతా పొదుపు చేసినా ఆ కాసేపటి భారం బిల్లులోకి ఎక్కుతుంది.

నీటి మీటరు వెనక పెద్ద కథే ఉంది. ఈ ప్రాంతపు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, కాలుష్యం ఎక్కువగా ఉండే 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ పర్యవేక్షణ పరికరాలు పెట్టుకోవాలని ఆదేశించింది. ఇక్కడి మందుల కంపెనీలూ ఆ జాబితాలోవే. ఆ పరికరాల్లో ఒకటైన విద్యుదయస్కాంత ఫ్లో మీటరులో తిరిగే చక్రమంటూ ఉండదు. అయస్కాంత క్షేత్రం గుండా లవణాలు కలిసిన నీరు పోతుంటే చిన్న వోల్టేజీ పుడుతుంది. వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. నీరెంత పోయిందో దానికి తెలుసు, ఎలాంటి నీరో తెలియదు. ఆమ్లమా, క్షారమా అన్నది పీహెచ్ మీటరు చెప్పాలి.

బట్టల కొట్లో మీటరు మరీ అమాయకమైనది. శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరని 1983లో నిర్ణయించారు; జాకెట్టు గుడ్డ కొనేవాళ్లకు ఆ బాధ లేదు.

సినిమా పాట రాసేవాళ్లు ‘ట్యూన్ మీటరు’ అంటారు; మాటలు ఒదగాల్సిన లయ కొలత అది. ఛందస్సులోనూ అలాంటి కొలతే: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కొలవడమనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చిన ఈ ‘మాత్ర’కూ, ‘మీటరు’కు మూలమైన గ్రీకు మాటకూ చుట్టరికం ఉందని భాషావేత్తలంటారు. మందుల ఫ్యాక్టరీల ఊళ్లో ఆ మాత్రే గోలీ కూడా.

ఫ్యాక్టరీ గోడ దాటి సంగారెడ్డి పల్లెల్లోకి వెళ్తే మీటరు రాజకీయమవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి దాన్ని 24 గంటలు చేశారు. తర్వాత, వ్యవసాయానికి మీటర్లు పెట్టడం లాంటి విద్యుత్ సంస్కరణలు చేసే రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలు కల్పిస్తామని కేంద్రం చెప్పింది. శ్రీకాకుళం జిల్లాలో ఆంధ్రప్రదేశ్ ప్రయోగాత్మకంగా వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగించింది. తెలంగాణ ఒప్పుకోలేదు. ‘మోటార్లకు మీటర్లు’ అన్న మాట సభల్లో మోగిపోయింది. రైతుకు భయం బిల్లు గురించి, విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) బెంగ లెక్క గురించి. బోరు దగ్గర మీటరు లేనిచోట, ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ రీడింగులను బట్టి మిగతా పొలాల వాడకాన్ని అంచనా కడతారు.