ఆరు అంగుళాల లోపల

ఫిరంగిని కదిలించాలన్నా, పేల్చాలన్నా దానికి ఆరు అంగుళాల లోపల దాని పక్షపు సైనికులు కనీసం నలుగురు ఉండాలి. కాల్బలం ఒక ఎత్తుకు ఒక అడుగు, అశ్వబలం రెండు అడుగులు నడవవచ్చు. ఇది ఏ సైనిక కళాశాల పాఠమూ కాదు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ప్రచురించిన 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకంలో, సీసపు బొమ్మలతో ఇంటి నేల మీద ఆడుకునే యుద్ధానికి పెట్టిన నిబంధన. చదివినప్పుడు సందేహానికి తావు లేదనే అనిపిస్తుంది. ఆడడానికి కూర్చున్నాక అసలు సంగతి బయటపడుతుంది. ఆ ఆరు అంగుళాలు ఎక్కడినుంచి కొలవాలి? ఫిరంగి చక్రం నుంచా, గొట్టం కొస నుంచా? నాలుగవ సైనికుని పీఠం సగం లోపల, సగం వెలుపల ఉంటే అతడు ఉన్నట్టా, లేనట్టా?

మన చదరంగంలో ఈ చిక్కు లేదు. ఉన్నవి 64 గళ్లు. గుర్రం ఈ గడిలో ఉంటుంది, లేదా ఆ గడిలో ఉంటుంది. దేశీయ పద్ధతిలో బంటు తొలి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది, అంతర్జాతీయ పద్ధతిలో రెండు గళ్లు నడవవచ్చు. ఏ పద్ధతిలో ఆడుతున్నామో ముందే అనుకుంటే తగవు తీరుతుంది. గళ్లు చెరిపివేసి కొలబద్ద చేతికిచ్చిన క్షణం నుంచి, గీతలు చేసే పనంతా మాటలు చేయవలసి వస్తుంది. జానలతో దూరం కొలిచి గోలీలాడిన వారికి ఇది కొత్త కాదు. జాన అనడం తేలికే, ఎవరి జాన?

బొమ్మల యుద్ధానికి పూర్వరూపం ప్రష్యా సైన్యంలో కనిపిస్తుంది. 1824లో రైస్విట్జ్ అనే యువ అధికారి రూపొందించిన యుద్ధక్రీడను 1:8000 కొలతలో గీసిన పటాల మీద ఆడేవారు; ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల కాలానికి సమానం. ఆటగాళ్లు ఆజ్ఞలు ఇస్తే, దళం ఎంతవరకు కదిలిందో తేల్చేవాడు మధ్యవర్తి. తరువాతి కాలంలో నిబంధనలు పెరిగిపోయి ఆట అడుగు ముందుకు పడని స్థితి వచ్చింది. 1876లో వెర్డీ డు వెర్నువా అనే ప్రష్యన్ సేనాని ఆ పట్టికలను, పాచికలను పక్కనబెట్టి అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పే చాలునన్నాడు. సైన్యంలో అది చెల్లుతుంది. అక్కడ మధ్యవర్తి సాధారణంగా పై అధికారి కదా!

ఆట సైనిక శిబిరాలు దాటి ఇళ్లకు, క్లబ్బులకు చేరిన తరువాత ఆ మధ్యవర్తి క్రమంగా కనుమరుగయ్యాడు. బల్లకు అటు ఒకరు, ఇటు ఒకరు. నడుమ ఒక పుస్తకం. బ్రిటన్‌లో వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్ తరఫున ప్రాచీన యుద్ధాల నిబంధనలు రాసిన ఫిల్ బార్కర్ ఒక్క మాటా వృథా పోకుండా వాక్యాలను ఎంతగా బిగించాడంటే, ఆటగాళ్లు ఆ శైలికి 'బార్కరీస్' అని ఒక భాష పేరే పెట్టారు. ఎంత బిగించినా సందులు వెదికేవారికి సందులు దొరుకుతూనే ఉన్నాయి.

1987లో వెలువడి ప్రపంచమంతటా వ్యాపించిన 'వార్‌హామర్ 40,000' అనే ఆటలో ట్యాంకు తగవునే చూడండి. ఆరు అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పు గల ట్యాంకును శత్రువుకు పక్క చూపి నిలబెట్టారనుకుందాం. ఉన్నచోటనే దానిని శత్రువు వైపు తిప్పితే ముందుభాగం ఒకటిన్నర అంగుళం ముందుకు వస్తుంది. ఇంచు కూడా 'నడవకుండా' దూరం గెలిచినట్టే. తిరగడం కదలడమేనా? ఈ ఉపాయానికి కళ్లెం వేయడానికి 2017 నాటి ఎనిమిదవ కూర్పులో, బొమ్మ పీఠంలో గాని దేహంలో గాని ఏ భాగమూ నిర్ణీత దూరాన్ని మించి కదలరాదని రాశారు. 'లోపల' అన్న మాటనూ, 'పూర్తిగా లోపల' అన్న మాటనూ వేరు చేశారు. పుస్తకం అచ్చయిన తరువాత ప్రశ్నోత్తరాలు, సవరణలు వేరుగా వెలువడుతూ ఉంటాయి. అయినా తేలని చోట ఆటగాళ్లు పాచిక వేసి ఆ పూటకు ముందుకు సాగుతారు. న్యాయం కాకపోవచ్చు గాని ఆట నిలవదు.

అన్నింటికన్నా మొండి వాదం ఒకటుంది. 'కూడదని ఎక్కడ రాశారు?' అన్నది. నిబంధన మౌనం వహించిన చోట ఆ మౌనం అనుమతియా, నిషేధమా? బల్ల మీది వాదమే అయితే ఢిల్లీ నుంచి రాసే ఈ శీర్షికలో దీనికి చోటు ఉండేది కాదు.

1949 జూలైలో కరాచీలో భారత, పాకిస్తాన్ సైనిక ప్రతినిధులు కాశ్మీర్‌లో కాల్పుల విరమణ రేఖను ఊరూరా, కొండకొండా పేర్కొంటూ వచ్చి, చివరకు 'అక్కడినుంచి ఉత్తరంగా హిమానీనదాల వరకు' అని ముగించారు. 1972లో నియంత్రణ రేఖను పటాల మీద గుర్తించినప్పుడు కూడా గీత ఎన్.జె. 9842 అనే బిందువు వద్ద ఆగింది. ఆ పైన మనుషులు వెళ్లరని అనుకున్నారు కాబోలు. ఉత్తరంగా అంటే సాల్టోరో శిఖరాల వెంట అని భారత్ వాదన. ఈశాన్యంగా కారకోరం కనుమకు అని పాకిస్తాన్ పటాల వాదన. 1984 ఏప్రిల్ 13న భారత సేనలు సాల్టోరో కనుమలకు చేరాయి. అటుతరువాత అక్కడ ఉభయ పక్షాల్లోనూ తూటాలకన్నా చలికి, హిమపాతాలకు బలి అయినవారే ఎక్కువ.

చైనాతో సరిహద్దు దగ్గరకు వస్తే, వెల్స్ ఫిరంగి ప్రశ్న యథాతథంగా ఎదురవుతుంది. 1996 నవంబరు 29న ఈ నగరంలోనే కుదిరిన ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖకు 2 కిలోమీటర్ల లోపల ఎవరూ కాల్పులు జరపరాదు. ఏ రేఖకు? అంతకుముందు 1993 సెప్టెంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు బీజింగ్ పర్యటనలో కుదిరిన ఒప్పందం ఆ రేఖను ఎవరూ అతిక్రమించరాదని చెప్పింది గాని, రేఖ ఎక్కడున్నదో చెప్పలేదు. భేదాలున్న చోట కలిసి పరిశీలించుకుందామన్నది. రేఖపై ఉమ్మడి అవగాహన లేనిదే ఒప్పందం పూర్తిగా అమలు కాదని 1996 పత్రమే ఒప్పుకున్నది. మధ్య విభాగపు పటాలు 2000లో చేతులు మారాయి. పశ్చిమ విభాగపు పటాల మార్పిడి 2002లో ఆగిపోయింది.

దీనిని పి.వి. పొరపాటని తేల్చివేయడం సులభం. ఈ విలేకరి అభిప్రాయం వేరు. ముందు రేఖ, తరువాత ఒప్పందం అని పట్టుబట్టి ఉంటే ఒప్పందమే ఉండేది కాదు. ఆ అస్పష్టతే సుమారు పాతికేళ్లు శాంతిని కాచింది. అయితే ఇరువైపులా గస్తీ దళాలు తమ తమ భాష్యం చివరి అంచు వరకు నడుస్తూనే వచ్చాయి. అక్కడ మధ్యవర్తి లేడు, పాచికా లేదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తుపాకులు పేలకుండానే 20 మంది భారత సైనికులు మరణించారు. వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. చైనా తన వైపు నలుగురు మరణించినట్టు మరుసటి ఏడాది ప్రకటించింది.

2024 అక్టోబరులో దెప్సాంగ్, దెమ్‌చోక్ ప్రాంతాల గస్తీపై అవగాహన కుదిరింది. 2025 ఆగస్టులో ఢిల్లీలో సమావేశమైన ఉభయ దేశాల ప్రత్యేక ప్రతినిధులు, సరిహద్దు నిర్ణయంలో త్వరగా తేలగల భాగాలను పరిశీలించడానికి ఒక నిపుణుల బృందాన్ని నియమించేందుకు అంగీకరించారు. ఆ బృందం మొదట ఏ విభాగపు పటాన్ని బల్ల మీద పరుస్తుందో చూడవలసి ఉన్నది.