క్షమాపణ దొరికినా బాకీ తీర్చాల్సిందే!
పాపం, దైవ కారుణ్యం, నిరీక్షణలపై క్రైస్తవ బోధ

శంషాబాద్: 2008 మార్చిలో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ పరిసరాల్లో ఎకరాల మాట పోయి గజాల లెక్క వచ్చింది. భూమికి ధర పెరిగిన చోట హద్దు రాయి జరపాలన్న దురాశ కూడా పెరుగుతుంది. పొరుగువాని సరిహద్దు రాయిని జరిపినవాడు శాపగ్రస్తుడని బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం హెచ్చరిస్తున్నది. ఆ పని చేసినవాడు పశ్చాత్తాపపడి క్షమాపణ వేడుకున్నాడనుకుందాం. దేవుడు క్షమిస్తాడు. మరి ఆ నేల ఎవరిది?

కతోలిక సంఘం 1992లో వెలువరించిన బోధనా గ్రంథం దీనికి సూటిగా సమాధానమిస్తున్నది. క్షమాపణ పాపాన్ని తొలగిస్తుందే గాని, దానివల్ల జరిగిన నష్టాన్ని దానంతటదే పూడ్చదు. దొంగిలించిన సొత్తు తిరిగి ఇవ్వాలి. నింద వేసి ఉంటే ఎదుటివారి పరువును వీలైనంతవరకు నిలబెట్టాలి. అంటే జరిపిన రాయి పాత చోటికి రావలసిందే.

జక్కయ్య కథ చెప్పేదీ ఇదే. జక్కయ్య అనగానే మేడిచెట్టెక్కిన పొట్టివాడే చాలామందికి గుర్తొస్తాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని ఆ సుంకరి అన్న మాట అంతగా గుర్తుండదు. అయితే ఇక్కడ వరుస ముఖ్యం. జక్కయ్య చెల్లించాక యేసు అతని ఇంటికి వెళ్లలేదు. ముందు ఆయనే వస్తానన్నాడు, ఆ తరువాత జక్కయ్య చేయి విప్పాడు.

ఒప్పుకోలు పద్ధతులు వేరు

పోప్ ఫ్రాన్సిస్ 2017 అక్టోబరు 10న శంషాబాద్ పేరిట సీరో మలబార్ మేత్రాసనాన్ని ఏర్పాటు చేశారు. తొలి బిషప్ రాఫెల్ తట్టిల్ 2024 జనవరిలో ఆ సంఘానికి మేజర్ ఆర్చిబిషప్ అయ్యారు. 2025 ఆగస్టులో ఈ మేత్రాసనం అగ్రపీఠం స్థాయికి చేరింది. లాటిన్ రీతి కతోలికులకు హైదరాబాద్ అగ్రపీఠం, సీఎస్‌ఐ సభ్యులకు మెదక్ డయాసిస్ ఉన్నాయి.

ఉపవాస కాలం లాటిన్ రీతిలో విభూది బుధవారంతో, సీరో మలబార్ రీతిలో అంతకుముందు సోమవారంతో మొదలవుతుంది. రెండు రీతుల వారూ గురువు ఎదుట పాపసంకీర్తనం చేస్తారు. ఏడాదికి ఒకసారైనా చేయాలన్న నియమం 1215 నాటి లాటరన్ మహాసభ నుంచి ఉంది. విన్నది గురువు ఎవరికీ, న్యాయస్థానానికి సైతం, వెల్లడించరాదు; వెల్లడిస్తే వెలి తప్పదు. ప్రొటెస్టెంటు సంఘాల్లో విశ్వాసి నేరుగా దేవుని ఎదుటే ఒప్పుకుంటాడు.

యూదా, పేతురు

సొమ్ము తిరిగి ఇస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. గురువును అప్పగించి పుచ్చుకున్న 30 వెండి నాణేలను యూదా తిరిగి ఇచ్చేశాడని మత్తయి సువార్త చెబుతున్నది. అయినా తనకు క్షమ ఉందని నమ్మలేక ఉరి వేసుకున్నాడు. పేతురు ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు. వెక్కివెక్కి ఏడ్చాడు గాని, అక్కడే ఆగిపోలేదు. తరువాత తిబెరియ సరస్సు ఒడ్డున తనను ప్రేమిస్తున్నావా అని యేసు అతనిని మూడుసార్లు అడిగాడు. పేతురుకు దక్కినదీ, యూదాకు కొరవడినదీ నిరీక్షణ.

ఇది పల్లెల్లో ఎన్నో ఇళ్లను తాకే విషయం. పూర్వం కతోలిక సంఘం ఆత్మహత్య చేసుకున్నవారికి అంత్యక్రియల ప్రార్థనలు నిరాకరించేది. 1983 నాటి సంఘ చట్టంలో ఆ నిషేధం లేదు. అటువంటివారి రక్షణపై కూడా ఆశ వదులుకోరాదని, వారికోసం ప్రార్థించాలని 1992 గ్రంథం బోధిస్తున్నది. బిడ్డను అలా పోగొట్టుకున్న తల్లికి ఈ మార్పు చిన్నది కాదు. 2000లో పోప్ రెండవ జాన్ పాల్ ఈస్టర్ తరువాతి ఆదివారాన్ని దైవ కారుణ్య ఆదివారంగా ప్రకటించారు.

తెలుగు బైబిల్ ఆశకు వాడిన మాట నిరీక్షణ. వాడుకలో దానికి ఎదురుచూపు అని అర్థం. గల్ఫ్ నుంచి వచ్చేవారి కోసం విమానాశ్రయం వెలుపల కళ్లు కాయలు కాచేలా నిలబడేవారికి ఆ మాట వేరే చెప్పనక్కరలేదు. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి కొడుకును దూరం నుంచే చూసి పరుగెత్తుకు వెళ్లాడు. ఇంట్లో విందు మొదలైంది. కాని ఏ తప్పూ చేయని పెద్ద కొడుకు అలిగి బయటే నిలబడ్డాడు. తండ్రి బతిమాలాడు. అతను లోపలికి వచ్చాడో లేదో లూకా రాయలేదు.