ప్రకటనల చాటున పోయిన బంతి

ఓవరు ముగిసీ ముగియకముందే తెరమీదికి ఒక సబ్బో, శీతల పానీయమో దూసుకురావడం, అది తొలగేసరికి తర్వాతి ఓవరు మొదటి బంతి కీపరు చేతిలో వుండడం టీవీలో క్రికెట్ చూసేవారందరికీ అనుభవమే. ఆ క్షణంలో వికెట్ పడిందంటే దేశమంతటా ఫోన్లలో ఛలోక్తులు రేగుతాయి. ఓవరుకు బంతులు ఆరా, ఐదా అని కొందరు లెక్క అడుగుతారు. అవుటయినది బ్యాట్స్‌మనా, ప్రేక్షకుడా అని మరికొందరు సందేహం వెలిబుచ్చుతారు. రాజధానిలో కూర్చుని వీటిని చదివే నాకు ఇవి ఉబుసుపోక ఆడిన మాటలుగా తోచవు. యే కార్యాలయమూ స్వీకరించని ఫిర్యాదులివి.

ఈ జాడ్యం మనకే పరిమితం కాదు. 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో అమెరికాపై ఇంగ్లండ్ నాయకుడు జెరార్డ్ నాలుగో నిమిషంలోనే గోలు చేస్తే, బ్రిటన్‌లో ఐటీవీ హెచ్‌డీ ప్రేక్షకులకు ఆ సమయంలో కనిపించినది ఒక ప్రకటన. 2009లో ఎఫ్.ఏ. కప్ పోటీలో ఎవర్టన్‌ను గెలిపించిన గోలు కూడా అదే సంస్థ ప్రకటనలకు బలి అయినది. ఆ సంస్థ రెండుసార్లూ క్షమాపణ చెప్పుకున్నది.

మనకు నిబంధనల కొరత లేదు. ప్రకటనలు కార్యక్రమానికి అడ్డు రాకూడదని, తెర అడుగుభాగాన్ని వాటికి వాడరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలలోనే వున్నది. ఆటలో విరామాలప్పుడే ప్రకటనలు వేయాలని 2012లో ట్రాయ్ కట్టుబాటు చేసింది. ప్రసార సంస్థలు గగ్గోలు పెట్టాయి. 2013 మార్చి సవరణతో ఆ కట్టుబాటు జారిపోయి, గంటకు 12 నిమిషాల పరిమితి మాత్రం మిగిలింది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినది కూడా క్రికెట్ ప్రసారాల తగాదాలోనే. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. 2007లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, జాతీయ ప్రాముఖ్యంగల పోటీల ప్రసారాన్ని హక్కుదారులు తమ ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి ఇవ్వాలి. స్పాన్సర్ల చిహ్నాలు సైతం వుండరాదని 2016లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలా శుభ్రపడి వచ్చిన బొమ్మపై దూరదర్శన్ తన ప్రకటనలు వేసుకుంటుంది. ఆ ఆదాయంలో 75 శాతానికి తగ్గకుండా హక్కుదారుకు చెల్లించాలి. శాతాల లెక్క చట్టంలో వున్నది గాని, ప్రేక్షకుడు కోల్పోయే బంతుల లెక్క లేదు.

ఆ చట్టం యెవరికోసం వచ్చిందో అండమాన్ నికోబార్ దీవులను చూస్తే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి సుమారు 13 మంది తెలుగువారు. ప్రధాన భూభాగానికి చేరే దూరదర్శన్ డిటిహెచ్ సంకేతం ఆ దీవులకు అందనందున, 2009లో పది చానళ్ళతో సి బ్యాండ్ సేవను వేరుగా నెలకొల్పవలసి వచ్చింది. ఇంటర్నెట్ 2020 ఆగస్టు వరకు ఉపగ్రహాల దయపైనే నడిచింది. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ వచ్చిన తర్వాతనే అక్కడివారికి ఆటయినా, ఆటమీది ఛలోక్తి అయినా తడబాటు లేకుండా అందడం మొదలయినది. నగరవాసి ఒక తెరపై తప్పిన బంతిని మరో తెరపై వెతుక్కుంటాడు. పది చానళ్ళతో సరిపెట్టుకున్న దీవివాసికి ప్రకటన చాటున పోయిన బంతి పోయినట్లే.

బంతి నడుస్తుండగా తెర ఆటకే వుండాలని దూరదర్శన్ తనకు తానే నియమం విధించుకోవడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఆదాయం కొంత తగ్గవచ్చు. లాభంతో నిమిత్తం లేకుండా మారుమూల ప్రేక్షకుడికి ఆట చేరవేయడానికే గదా, ఆ సంస్థను ప్రజాధనంతో పోషిస్తున్నది! సమాచార మంత్రిని ఈ మాట అడగవలసిన బాధ్యత దీవులనుంచి వచ్చిన ఒకే ఒక లోక్‌సభ సభ్యునిదే కాదు, మన సభ్యులది కూడా.