వసకొమ్ము – మూర్ఛరోగ పరీక్ష

మన ప్రాంతమున పసిబిడ్డలకు వసకొమ్మును అరగదీసి నాలుకకు రాయుట యెల్లరు నెఱిగినదే. ప్రాచీన వైద్యులు దీనిని వచ యని పిలిచి, అపస్మారమునకు, అనగా మూర్ఛరోగమునకు, వాడు మందులలో చేర్చిరి. పెక్కు తరములవారు వాడినంతమాత్రమున నిది మూర్ఛ నాపునని నిశ్చయింపవచ్చునా? శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించు విధమును మేమిచట వివరింతుము.

మెదడులోని కణములు స్వల్పమైన విద్యుత్తుచే పని చేయును. అసంఖ్యాకములగు కణము లొక్కమాఱుగా నదుపు తప్పినచో తెలివి తప్పి, కాలుసేతులు బిగిసి కొట్టుకొనును. ఇట్టి స్థితిని జంతువులయందు కొలదిసేపు కల్పించి, మందు దానిని ఆపునో లేదో చూతురు. అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులగు పుట్నమ్, మెరిట్ అనువారు పిల్లులపై నిట్టి విద్యుత్పరీక్షలు జరిపి, ఫెనిటోయిన్ గుణమును 1937లో ప్రకటించిరి. ఆ మందు నేటికిని వాడుకలో నున్నది.

పరీక్షకై చిట్టెలుకలను గుంపులుగా విభజింతురు. ఒక గుంపునకు మూలికసారమును, ఒకదానికి ఆ సారమును కలిపిన ద్రవమును మాత్రమే, మఱియొకదానికి గుణము తెలిసిన మందును ఇత్తురు. పిమ్మట కొన్నిటికి సెకండులో అయిదవవంతు కాలము విద్యుత్తు తగిలించి, వెనుకకాళ్లు బిగిసి చాచుకొనునేమో చూతురు. మఱికొన్నిటికి మూర్ఛ పుట్టించు రసాయనమును సూదితో నెక్కించి 30 నిమిషములు కనిపెట్టుదురు. ఏ యెలుకకు ఏది యిచ్చిరో లెక్కించువాడు ఎఱుగరాదు; ఎఱిగినచో వాని కన్ను తాను కోరినదానినే చూచును.

మత్తులోనున్న యెలుకయు కొట్టుకొనకపోవచ్చును. కావున దానిని తిరుగుచున్న కడ్డీపై నిలుపుదురు. నిలువలేక పడినచో, మందు మూర్ఛను గాక యెలుకనే యణచినదేమో యని సంశయింపవలెను. మూగజీవముల బాధతో కూడిన పని యగుటచే, మన దేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి, దీనికి ముందుగా నైతిక సంఘముయొక్క యనుమతి పొందవలెను.

వసలోని ఆల్ఫా అసరోన్ అను పదార్థము ఎలుకలలో మూర్ఛను కొంత యాపినట్లు పరీక్షలు తెలిపినవి. కాని బీటా అసరోన్ అధికముగా గల వసనూనెను దీర్ఘకాలము తినిన యెలుకలకు ప్రేవులలో కంతులు పుట్టెను. అమెరికా ప్రభుత్వము 1968లో ఆహారమున వసను నిషేధించెను. ఇందుకు మాఱుగా, పైన జెప్పిన రెండు పరీక్షలలోను ఫలింపని లెవెటిరాసెటమ్ అను మందు వేఱు పరీక్షలలో నెగ్గి, 1999లో అనుమతి పొంది, అనేక రోగులకు మేలు చేయుచున్నది.

కాబట్టి ఎలుక చెప్పునది మొదటిమాటయే గాని తుదితీర్పు కాదు. మనుష్యులయందు క్రమముగా పరీక్షించి, గుణమును, దోషమును, మోతాదును తేల్చినప్పుడే మూలిక ఔషధమగును.

సోదర విద్యార్థులారా! మూర్ఛరోగము గలవారు మన తరగతిలోనే యుండవచ్చును. వైద్యుడిచ్చిన మాత్రలను హఠాత్తుగా మాని వేరునో ఆకునో నమ్ముకొనినచో, మూర్ఛ యెడతెగక వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. తాళపుచెవులు చేత నుంచుటచే మూర్ఛ యాగదు. పడినవానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోట నేమియు నుంచకుడు. 5 నిమిషములు దాటినచో వెంటనే వైద్యశాలకు జేర్చుడు. పెద్దల మూలికలను గౌరవింతము, పరీక్షించి గౌరవింతము.