మామిడిపండు తిన్న మూతి

బనగానపల్లె పండును ఎట్లు తినవలెనో మనకెవరును నేర్పనక్కరలేదు. తొడిమ తీసి, సొన కార్చి, నీళ్లలో నానవేసి, కోసికొని తిందుము. తొందరపడిన బాలుడు తొక్కను పళ్లతోనే చీల్చును. అతనికి సాధారణముగా ఏమియు కాదు.

1961 మొదలు 1976 వరకు అమెరికా శాంతిదళపు స్వచ్ఛంద సేవకులు మన దేశములో పనిచేసిరి. వారిలో ఒకడు వేసవిలో మన ఊరికి వచ్చి, ఆ బాలుని చూచి అట్లే తినెననుకొందము. ఆనాడు ఏమియు లేదు. మరునాడో, మూడవనాడో పెదవులు ఉబ్బి, మూతి చుట్టును పొక్కులు లేచి, ఒకటే దురద. అతడు బావినీటిని తప్పుపట్టును. మనము వేడి చేసినదని మజ్జిగ పోయుదుము. రెండును పొరపాటే.

అసలు కారణము అతని స్వదేశములోనే ఉన్నది. అమెరికాలో పెరుగు పాయిజన్ ఐవీ అను మొక్క మన మామిడి కుటుంబములోనిదే. దానిని తాకినచో ఉరుషియోల్ అను జిడ్డు పదార్థము చర్మములోని ప్రోటీనులతో కలియును. రక్తములోని టి-కణములు దానిని శత్రువుగా గుర్తుంచుకొనును. మామిడి సొనయందును, తొక్కయందును దానిని పోలిన పదార్థములు కలవు. అన్న చేసిన అప్పునకు తమ్ముని పట్టుకొనినట్లు, ఆ కణములు పోలిక చూచి మామిడిపై విరుచుకుపడును. ఇందుకు ఒకటి రెండు దినములు పట్టును. కనుకనే పండుపై అనుమానము రాదు.

ఇది ఊహ మాత్రము కాదు. ఇజ్రాయెలులో ఒక వేసవి శిబిరమున మామిడికాయలు కోసిన 17 మంది అమెరికనులకు దద్దురులు వచ్చినవని 2005లో వైద్యులు ప్రకటించిరి. వారందరు ఐవీ జాతి మొక్కలను ఎరిగినవారో, అవి పెరుగు ప్రాంతములవారో. వాటి నెన్నడును తాకని ఇజ్రాయెలు సహచరులకు ఏమియు కాలేదు.

నల్లజీడి కథ ఇంకను చిత్రము. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన దేశమునకు వచ్చిన అమెరికను సైనికుల బట్టలపై చాకలివారు నల్లజీడి రసముతో గుర్తులు పెట్టిరి. గుర్తు ఒరసికొన్న చోటనెల్ల చర్మము పొక్కినది! నల్లజీడియు ఈ కుటుంబములోనిదే.

మనవారికేల రాదు? పసితనమునుండి తినుటచే శరీరము ఓర్చుకొనుట నేర్చునని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అయినను సొన తగిలి మూతి పొక్కినవారు మనలోను లేకపోలేదు.

గుజ్జులో ఈ పదార్థము బహు స్వల్పము. కనుక అతిథికి పండు కడిగి, తొక్క మనమే తీసి, ముక్కలు పెట్టిన చాలును. అయితే తిన్న వెంటనే గొంతు వాచి ఊపిరి ఆడకున్నచో అది వేరొక రకపు అలర్జీ. అప్పుడు మజ్జిగ కొరకు కాదు, వైద్యుని కొరకు పరుగెత్తవలెను.