గీజరు మారింది, చోటు మారలేదు

అంకాపూర్ చుట్టుపక్కల పసుపు తవ్వకాలు ఊపందుకునేది జనవరి చలిలోనే. కొమ్ములు ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలేదాకా ఇంటిల్లిపాదీ మట్టిలోనూ పసుపు దుమ్ములోనూ ఉంటారు. పొద్దుగూకాక ఒకరి వెనక ఒకరు తానాలకు పోతారు. ఒకప్పుడు వాకిట్లో కాగు కింద కట్టెలు మండేవి, పొగ ఆకాశంలో కలిసేది. గ్యాస్ గీజరు కొన్న ఇంట్లో ఆ మంట బాత్రూం గోడెక్కింది. అది పాతబడి కొత్తది తెచ్చేటప్పుడు వినబడే కొన్ని మాటలు ప్రాణం మీదికి తెస్తాయి.

"పాతది యాడుండెనో గాడనే బిగియ్యి, పైపులన్నీ ఉండనే ఉన్నయ్."

అపోహల్లోకెల్లా పెద్దది ఇదే. పాత గీజరు బాత్రూంలో ఉందంటే అది తప్పుచోట ఉందన్నమాట. లెక్క వేసి చూడండి. నిమిషానికి 6 లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించే గీజరు గంటకు దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. వంటింట్లో పెద్ద బర్నర్లు నాలుగైదు ఒకేసారి వెలిగించినంత మంట అది. కిలో ఎల్పీజీ మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండేదే 7 ఘనపు మీటర్లలోపు. అన్నీ మూసుకుని పావుగంట వాడితే సగానికి దగ్గరగా గాలి మంటకే ఖర్చవుతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట స్నానం చేసినవారికి ఏమీ కాకపోవచ్చు. వెంటనే వెళ్లి గడియపెట్టుకున్న మూడో మనిషికి మిగిలేది ఆ పాడుగాలే.

గీజరును బయటి గోడకు, గాలి ఆడేచోట, వాన తగలకుండా రేకు కింద బిగించాలి. బాత్రూం వెంటిలేటర్‌కు సరిగ్గా కింద మాత్రం వద్దు, పొగ మళ్లీ లోపలికే వస్తుంది. వేడినీళ్ల పైపు ఒక్కటే గోడలోంచి లోపలికి తేవాలి. అది సీపీవీసీ అయి ఉండాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. ప్లంబర్‌కు కాస్త పని పెరుగుతుంది, కొన్ని అడుగుల పైపు ఎక్కువ పడుతుంది. ఆ కాస్త ఖర్చుకు వెనకాడొద్దని ప్రతి ఇంటి పెద్దనూ బతిమాలి చెప్పాలనిపిస్తుంది.

"లీకైతే వాసన రాదా ఏంది?"

సిలిండర్‌లోని గ్యాస్ లీకైతే తెలియాలనే మెర్‌కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనం కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్ లీకైన గ్యాస్ కాదు, మంటలోంచి పుట్టేది. దానికి రంగు లేదు, వాసన లేదు. దగ్గు రాదు, కళ్లు మండవు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిచ్చినం గదా!"

ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుంది. తలుపు కింద సందు కూడా లేకపోతే లోపలికి గాలి వచ్చే దారేది? పైగా కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది. సెల్స్‌తో వెలిగే గీజరు మండుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్ కొన్ని గీజర్లలో ఉంటుంది. ఉంటే మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని లోపల బిగించొద్దు.

"ఎలుగుతలేదు, ఖరాబైంది."

ముందు సెల్స్ మార్చండి. నీళ్లు వచ్చే చోటి జాలీ విప్పి ఇసుక కడగండి. ట్యాంకు తక్కువ ఎత్తులో ఉంటే నీటి ఒత్తిడి చాలక కొత్తదీ వెలగదు. మంట నీలంగా కాక పసుపురంగులో లేస్తున్నా, పైన మసి పట్టినా మాత్రం ఆ క్షణమే ఆపేయాలి.

"రబ్బరు పైపు మంచిగనే ఉన్నది."

చూపుకు బాగున్నా 5 ఏళ్లు దాటితే మార్చాల్సిందే. బిగించాక ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఎవరికున్నా మాన్పించండి.

"చలికి కండ్లు తిరిగినయ్, అంతే."

బాత్రూంలోంచి వచ్చినవాళ్లు తలనొప్పి, వికారం అన్నా, కాళ్లలో సత్తువ లేదన్నా, దాన్ని చలి మీదికో పొలం పని అలసట మీదికో నెట్టేయొద్దు. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. దీనికి మన దేశపు నాడీవైద్యులు గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అనే పేరే పెట్టారు. మనిషి పడిపోతే తలుపు తీసి, ఆరుబయటికి చేర్చి, గ్యాస్ ఆపి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో మొదటి మాటగా "గ్యాస్ గీజరు వాడుతున్నాం" అని చెప్పాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని గుర్తుపట్టలేదు, అంకె బాగానే చూపిస్తుంది. ఆ మాట వింటేనే డాక్టరు రక్తపరీక్ష చేయించి, మాస్కుతో ఆక్సిజన్ పెట్టిస్తారు.